రాకకు కారణం

ఇండియాకి రావాలనుకున్న విదేశీయుడు ఈ-వీసా ఫారం తెరిస్తే మొదటి పేజీలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఎందుకు వస్తున్నారు? టూరిస్టు వీసా అని నొక్కగానే దాని కింద మళ్ళీ కొన్ని గళ్ళు తెరుచుకుంటాయి. ఊళ్ళు చూడటానికా, చుట్టాలనీ స్నేహితులనీ కలవడానికా, కొద్దిరోజుల యోగా శిక్షణకా, సంగీతమో వంటో స్థానిక భాషో నేర్చుకోవడానికా అని ఒక్కొక్కటే అడుగుతుంది. వాటి సరసనే ఇంకో గడి ఉంటుంది: స్వల్పకాలిక స్వచ్ఛంద సేవ. దానికి తగిలించిన షరతులు రెండు. నెల రోజులకు మించకూడదు. చేసిన పనికి డబ్బు గానీ, మరే రూపంలో ప్రతిఫలం గానీ పుచ్చుకోకూడదు. ఏ బార్సిలోనా నుంచో, న్యూజెర్సీ నుంచో మన జిల్లాలకొచ్చి ఒక బడికి రంగులు వేయాలనో, కంటి శిబిరంలో చేయందించాలనో, పిల్లలకు ఇంగ్లీషు నేర్పాలనో బయల్దేరే మనిషి నొక్కాల్సిన గడి అదే. అయినా దాన్ని దాటేసి ‘ఊళ్ళు చూడటానికి’ అన్న గడి నొక్కేసేవాళ్ళకు కొదవ లేదు. అలా నొక్కమని సలహా ఇచ్చేవాళ్ళకూ కొదవ లేదు. సేవకు వెళ్తున్నాం గానీ దొంగతనానికి కాదు కదా, ఏ గడి అయితే ఏం అన్నది వాళ్ళ వాదన. ఆ వాదన తప్పని నా నమ్మకం. అది చట్టం దృష్టిలో మాత్రమే తప్పయితే ఇంత రాయనక్కర్లేదు. సేవ అంటే ఏమిటో అర్థం చేసుకోవడంలోనే అక్కడ పొరపాటు జరుగుతోంది.

ఫారం చిన్నదేమీ కాదు. ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు ఒక్క అక్షరం తేడా లేకుండా రాయాలి. అమ్మానాన్నల పేర్లు, వాళ్ళు పుట్టిన ఊరు, దేశం రాయాలి. మన పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాసినట్టు ఒంటిమీద కనిపించే గుర్తు ఒకటి చెప్పాలి. మతం, చదువు, చేసే పని చెప్పాలి. గత 10 ఏళ్ళలో ఏయే దేశాలు తిరిగారో, అమ్మానాన్నల్లో, తాతా అవ్వల్లో ఎవరైనా పాకిస్తాన్‌కు చెందినవారున్నారో అడుగుతుంది. ఇప్పుడున్న పౌరసత్వం పుట్టుకతో వచ్చిందా, తర్వాత తీసుకున్నదా అని కూడా అడుగుతుంది. తర్వాత తీసుకున్నదయితే అంతకుముందు ఏ దేశ పౌరులో రాయాలి. గుంటూరులో పుట్టి పెరిగి, అమెరికా పౌరసత్వం తీసుకుని, ఓసీఐ కార్డు ఇంకా చేతికి రాని మనిషి తను చదివిన బడికి ఏదైనా చేద్దామని వస్తూ ఆ గడిలో ‘ఇండియా’ అని రాయాలి. పుట్టిన దేశం పేరు పాత దేశంగా తన చేత్తోనే రాసుకోవడం చిన్న విషయం కాదు. ఆ తర్వాత తెల్లటి గోడ ముందు దిగిన చదరపు ఫొటో, 300 కేబీ దాటకుండా పాస్‌పోర్టు పేజీ పీడీఎఫ్ ఎక్కించాలి. మధ్యలో ఆగిపోతే మళ్ళీ తెరవడానికి ఫారం ఇచ్చిన తాత్కాలిక నంబరు రాసిపెట్టుకోవాలి. ఫీజు కట్టాలి. వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ ఫీజు తిరిగి రాదు. ఇదంతా ప్రయాణానికి కనీసం 4 రోజుల ముందు పూర్తికావాలి. ‘మంజూరైంది’ అన్న మాట కనిపించాక దాన్ని ప్రింటు తీసుకుని విమానం ఎక్కితే, దిగిన చోట వేలిముద్రలు తీసుకుని పాస్‌పోర్టు మీద ముద్ర కొడతారు.

ఈ పద్ధతి 2014 నవంబరు 27న మొదలైంది. మొదట తెరిచిన 9 విమానాశ్రయాల్లో మన శంషాబాద్ ఒకటి. అంతకుముందు పాస్‌పోర్టును కాన్సులేట్‌కు పంపి, అది తిరిగొచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చేది. సౌకర్యం పెరిగినందుకు సంతోషమే. కానీ సౌకర్యం వెంట ఒక మరుపు కూడా వచ్చింది. విమానం టికెట్టు కొన్న కంప్యూటరు మీదే, అదే కార్డుతో డబ్బు కట్టి వీసా తెచ్చుకుంటుంటే అదీ ఒక కొనుగోలులాగే అనిపిస్తుంది. నిజానికి అక్కడ కొంటున్నదేమీ లేదు. ఒకరి ఇంట్లోకి రావడానికి అనుమతి అడుగుతున్నాం. ఎదురుగా అధికారి కూర్చుని ‘ఎందుకు వెళ్తున్నారు, ఎక్కడుంటారు, ఏం చేస్తారు’ అని ముఖం చూసి అడిగిన రోజుల్లో మాట తడబడితే ఆయనకు తెలిసిపోయేది. ఇప్పుడు అడిగేది ఒక గడి. అది ముఖం చూడదు. కాబట్టి నిజం చెప్పే భారమంతా దరఖాస్తుదారు మీదే పడింది. ఎవరూ చూడని చోట, ఎవరూ పట్టుకోలేని చోట నిజం చెప్పడం కదా నిజాయితీ అంటే. సేవ చేయబోయే మనిషికి మొదటి పరీక్ష ఊళ్ళో అడుగుపెట్టాక ఎదురవుతుందనుకుంటాం. అది ఇంట్లో, రాత్రి భోజనాలయ్యాక తెరిచిన ఈ ఫారం ముందే ఎదురవుతుంది.

సేవకు వెళ్ళేవాళ్ళను బాధపెట్టే మాట ఈ ఫారంలో ఇంకొకటుంది. అది ‘టూరిస్టు’. ఏడాది పొడుగునా డబ్బు కూడబెట్టి, సెలవు పెట్టి, ఎండకూ దోమలకూ సిద్ధపడి వస్తే మమ్మల్ని తాజ్‌మహల్ ముందు ఫొటో దిగేవాళ్ళతో కలిపేస్తారా అని వాళ్ళకు కష్టం వేస్తుంది. ఆ కష్టం నాకు అర్థమవుతుంది గానీ ఆ మాట సరైనదేనని నేనంటాను. నెల రోజుల కోసం వచ్చే మనిషికి ఆ ఊరి భాష రాదు. ఏ వీధి ఎవరిదో, ఏ బావి నీళ్ళు ఎవరు తోడుకోగలరో, ఎవరి మాట ఎవరు వింటారో తెలియదు. జేబులో తిరుగు టికెట్టు ఉంటుంది. ఊరికి కరువొచ్చినా గొడవలొచ్చినా ఆ టికెట్టు అతన్ని కాపాడుతుంది, ఊరివాళ్ళను కాపాడదు. అలాంటి మనిషిని ఏమనాలి? అతిథి అనాలి. నెల రోజుల సేవను టూరిస్టు వీసా కిందే పెట్టిన నియమం అతన్ని అవమానించడం లేదు, అతని స్థానం ఏమిటో ఉన్నదున్నట్టు చెబుతోంది. మీరు వచ్చి చూడండి, చేతనైన సాయం చేయండి, నేర్చుకోండి, కానీ ఇక్కడ ఏం జరగాలో నిర్ణయించేది మీరు కాదు అంటోంది. ఈ ఎరుకతో వచ్చినవాళ్ళు ఊరికి బరువు కారు. ఈ ఎరుక లేకుండా వచ్చినవాళ్ళు ఎంత కష్టపడ్డా, వెళ్ళిపోయాక వాళ్ళు వేసిన రంగు మీద ఊరివాళ్ళే మళ్ళీ రంగు వేసుకోవాల్సి వస్తుంది.

అంతకన్నా ఎక్కువ కాలం ఉండాలనుకునేవాళ్ళకు తలుపు మూసేయలేదు. ఆ తలుపు వేరే చోటుంది. ప్రభుత్వేతర సంస్థల్లో గౌరవ సేవ చేయడానికి వచ్చే విదేశీయులకు ఉద్యోగ వీసా ఇస్తారు. మామూలు ఉద్యోగులకు పెట్టిన కనీస జీతం నియమం వాళ్ళకు వర్తించదు. ఆ వీసా మీద సంస్థ పేరు, పనిచేసే చోటు కూడా రాస్తారు. నేను ఈ ఊళ్ళో, ఈ సంస్థలో, ఇన్నాళ్ళు ఉంటాను అని మాట ఇచ్చినట్టే అది. టూరిస్టు వీసాను అలా మార్చుకోవడం కుదరదు, పొడిగించుకోవడమూ కుదరదు. చుట్టపుచూపుగా వచ్చిన మనిషికీ, ఇక్కడే ఉండి పనిచేస్తానన్న మనిషికీ మధ్య గీత గీయడం అవసరమే. ఆ గీత ఎక్కడుందో తెలియక సేవాసంస్థలు కూడా చిక్కుల్లో పడుతుంటాయి.

ఈ రెండు తలుపుల మధ్య తేడా ఎంతో చెప్పడానికి తెలుగు నేల మీదే ఒక జీవితం ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టారు. 1952లో జెసూట్ సంఘానికి చెందిన క్రైస్తవ మిషనరీగా ఇండియాకి వచ్చి మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో పేద రైతుల మధ్య పనిచేశారు. ఆయన పలుకుబడి పెరగడం కొందరికి నచ్చలేదు. 1968లో ఆయన్ని దేశం విడిచి వెళ్ళమన్నారు. రైతులు ఆయన కోసం ఊరేగింపుగా బొంబాయికి నడిచారు. ఇందిరాగాంధీ జోక్యంతో ఆయన కొద్దికాలం స్పెయిన్ వెళ్ళి, 1969లో తిరిగి రాగలిగారు. ఈసారి వచ్చింది అనంతపురానికి. వానలు ముఖం చాటేసే జిల్లా, బావుల్లో నీళ్ళు అడుగంటిన జిల్లా. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టి, 2009 జూన్‌లో కన్నుమూసేదాకా 40 ఏళ్ళు ఆయన అక్కడే ఉన్నారు. బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో ఆసుపత్రులు వచ్చాయి. దళితవాడల్లో ఇళ్ళు లేచాయి. చెరువులు, బడులు వచ్చాయి. ఒక విదేశీయుడు తెలుగువాళ్ళలో ఇంత చేయగలిగాడంటే దానికి కారణం ఆయన మంచితనం ఒక్కటే అనుకుంటే పొరపాటు. మంచితనం మన్మాడ్‌లోనూ ఉంది. అనంతపురంలో దానికి కాలం తోడైంది. ఊరి మనిషి కావడానికి పట్టేంత కాలం ఆయన అక్కడున్నారు. ఈ రోజు స్పెయిన్ నుంచి ఎందరో తాము చదివిస్తున్న పిల్లలను చూసుకోవడానికి అనంతపురం వస్తారు. వాళ్ళు వచ్చేది అతిథులుగా. పిల్లను చూస్తారు, వాళ్ళింట్లో పెట్టింది తింటారు, వెళ్తారు. పని అక్కడివాళ్ళు చేస్తారు. ఈ ఏర్పాటులో ఎవరి స్థానం ఏదో అందరికీ తెలుసు, అందుకే అది ఇన్నేళ్ళు నిలబడిందని నాకనిపిస్తుంది.

ఫెర్రర్ కథనే నా మాటకు ఎదురుగా నిలబెట్టవచ్చు. ఆయన్ని వెళ్ళమన్నది ప్రభుత్వమే కదా, వీసా అధికారాన్ని నచ్చనివాళ్ళ మీద కత్తిలా వాడలేదా, అలాంటి అధికారం ముందు నిజం చెప్పమంటారేమిటి అని అడగవచ్చు. ఈ అభ్యంతరం బలమైనది. ఏ ప్రభుత్వమూ ఎల్లప్పుడూ న్యాయంగా ఉండదు. పేదల పక్షాన నిలిచిన బయటివాళ్ళను అనుమానించడం, వాళ్ళ వీసాలను ఆపడం చాలా దేశాల్లో జరిగింది, జరుగుతోంది కూడా. కానీ ఆయన తిరిగి వచ్చిన తీరు చూడండి. దొడ్డిదారిన రాలేదు, పేరు మార్చుకుని రాలేదు. తన మీద నమ్మకమున్న జనం బహిరంగంగా అడగడం వల్ల వచ్చారు. అన్యాయమైన నియమాన్ని ఎదిరించాల్సింది పదిమంది ముందు, గొంతెత్తి. ఫారంలో అబద్ధం రాస్తే ఆ నియమానికేమీ కాదు. అబద్ధం బయటపడిన రోజున ఇబ్బంది పడేది రాసిన మనిషి ఒక్కడే కాదు, అతన్ని రానిచ్చిన చిన్న సంస్థ కూడా. అతను విమానం ఎక్కి వెళ్ళిపోతాడు. ఆ సంస్థ నడిపే మనిషి కలెక్టరేట్ చుట్టూ తిరుగుతూ మిగులుతాడు.

‘జీతం తీసుకోవడం లేదు, ఇక పని ఎలా అవుతుంది’ అనేవాళ్ళ అభ్యంతరం దీనికన్నా తేలికైనది, ఎక్కువగా వినిపించేదీ అదే. పనికి గుర్తు జీతం కాదు, ఫలితం. ఎదుటివాళ్ళ జీవితం మీద ప్రభావం పడితే అది పనే. విదేశంలో చదివిన వైద్యుడు ఇక్కడి శిబిరంలో ఉచితంగా కత్తెర పట్టినా సరే, కోసేది నిజమైన కన్నునే. అందుకే ఇక్కడ రిజిస్ట్రేషన్ లేని విదేశీ వైద్యులు ధర్మానికి వైద్యం చేయాలన్నా ముందుగా తాత్కాలిక అనుమతి తీసుకోవాల్సిందే. నేపాల్ అయితే పర్యాటక వీసా మీద వచ్చినవాళ్ళు జీతం ఉన్నా లేకున్నా పనిచేయకూడదని గట్టిగానే చెబుతుంది. డబ్బు సంగతీ అంతే. విదేశీయుడు సూట్‌కేసులో తెచ్చిన కంప్యూటర్లు గానీ, చేతిలోని నోట్లు గానీ ఒక సంస్థకు ఇవ్వాలంటే ఆ సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. మంచి మనసుతో చేతిలో పెట్టిన కవరు ఆ సంస్థ మెడకు చుట్టుకోవచ్చు. ఉచితంగా ఇచ్చేదానికి నియమాలెందుకని అడిగేముందు ఆ ఉచితం పుచ్చుకునేవాళ్ళకు ఎంత ఖర్చవుతుందో ఆలోచించాలి.

మంచి ఉద్దేశం ఉంటే చాలు, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు అన్న ధోరణి ఎక్కడిదాకా పోగలదో చూడాలంటే హైతీ వెళ్ళాలి. 2010 జనవరి 12న అక్కడ భూకంపం వచ్చింది. నెల తిరక్కముందే అమెరికా నుంచి వచ్చిన 10 మంది క్రైస్తవ సేవకులు 33 మంది పిల్లలను బస్సులో ఎక్కించుకుని, సరైన పత్రాలు లేకుండా డొమినికన్ రిపబ్లిక్ సరిహద్దు దాటబోతూ పట్టుబడ్డారు. వాళ్ళు అనాథలనుకున్న పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలున్నారని తర్వాత తేలింది. ఆ పదిమందీ పిల్లలను అమ్ముకునే దుర్మార్గులని నేననను. వాళ్ళ గుండెల్లో జాలి ఉండే ఉంటుంది. జాలి ఉన్నచోట అడగనక్కర్లేదనుకున్నారు. కంబోడియాలో ఇదే ధోరణి మెల్లగా, పెద్దయెత్తున పనిచేసింది. 2005 నుంచి 2010 దాకా అక్కడ అనాథాశ్రమాలు 75 శాతం పెరిగాయి. యుద్ధం ఆగి ఎన్నో ఏళ్ళయింది, పిల్లలు అనాథలైపోతున్న కాలం కాదు అది. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో నూటికి 70 మందికి పైగా తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ చెప్పింది. పెరుగుతున్నది పిల్లలకు ముద్దలు కలిపి పెట్టి ఫొటోలు దిగి విరాళమిచ్చి వెళ్ళే పర్యాటకుల సంఖ్య. చూడవచ్చేవాళ్ళు ఉన్నారు కాబట్టి చూపించడానికి పిల్లలు కావలసి వచ్చారు. పేద తల్లి దగ్గరికి వెళ్ళి ‘మీ పిల్లకు చదువు చెప్పిస్తాం, ఇంగ్లీషు వస్తుంది’ అంటే ఆమె ఎందుకు పంపదు? అలా తల్లి ఒడికి దూరమైన ప్రతి పిల్ల వెనకా ఎక్కడో ఒక మంచి మనిషి, అతని టూరిస్టు వీసా ఉన్నాయి. అతనికి ఆ సంగతి తెలియదు. తెలుసుకునే ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు, అతను తనను తాను కూడా ప్రశ్నించుకోలేదు.

విపత్తు వస్తే ఏం చేయాలి, ప్రాణాలు పోతుంటే ఫారాలు నింపుతూ కూర్చోవాలా అని అడిగేవాళ్ళకు నా దగ్గర సులువైన జవాబు లేదు. దివిసీమ ఉప్పెన గుర్తున్న తెలుగువాళ్ళెవరూ ఆ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యలేరు. కానీ విపత్తుల్లోనే అడక్కుండా రావడం ఎక్కువ ప్రమాదం. 2015 ఏప్రిల్ 25న నేపాల్ కంపించినప్పుడు ఆ దేశానికి అంతర్జాతీయ విమానాశ్రయం కాఠ్మాండూలో ఒక్కటే, దానికి రన్‌వే కూడా ఒక్కటే. సాయం మోసుకొచ్చిన విమానాలు ఆకాశంలో తిరుగుతూ చోటు కోసం ఎదురుచూశాయి. మే 3న రన్‌వే దెబ్బతిని పెద్ద విమానాలను ఆపేయాల్సి వచ్చింది. అలాంటి సమయంలో శిథిలాల కింద మనుషులను వెతకడం తెలిసినవాడు, ఎముకలు అతికించగల వైద్యుడు దిగాలి. ఏమీ తెలియని మనిషి ఉత్సాహంతో దిగితే అతనికీ ఒక గుడారం, రెండు పూటల తిండి, తాగే నీళ్ళు ఆ ఊరే ఇవ్వాలి. భారతీయులకు నేపాల్ వెళ్ళడానికి వీసా అక్కర్లేదు. రక్సౌల్ దాటితే బీర్‌గంజ్. కాబట్టి మనవాళ్ళకు అక్కడ ఏ ఫారమూ ఎదురుపడదు, ఎందుకొస్తున్నావని ఏ గడీ అడగదు. ఫారం లేనిచోట ఆ ప్రశ్న ఇంకా గట్టిగా మనమే వేసుకోవాలి. పిలవని పేరంటానికి వెళ్ళడం ఎప్పుడైనా మర్యాద కాదు, ఆ ఇంట్లో శవం లేచిన రోజున అసలే కాదు.

ఇక్కడ తెలుగువాళ్ళు మరో అభ్యంతరం చెప్పగలరు, అది వాళ్ళు అనుభవంతో చెప్పేది. స్పెయిన్ మనిషి సోఫాలో కూర్చుని, 30 రోజుల వీసాకి 25 డాలర్లో అంతకన్నా తక్కువో కట్టి అనంతపురం వచ్చేస్తాడు. అనంతపురం మనిషి స్పెయిన్ వెళ్ళాలంటే బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం కాగితాలు, హోటల్ బుకింగులు పట్టుకుని వేలిముద్రలివ్వడానికి స్వయంగా కేంద్రానికి వెళ్ళాలి, 90 యూరోలు కట్టాలి, ఆ తర్వాత కూడా వస్తుందో రాదో తెలియదు. వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి, వచ్చాక 108 చేసి మొక్కు తీర్చుకునే జనం మనం. వీసా అనేది అధికారి దయ అన్న భయం మన ఒంట్లో ఇంకిపోయింది. ఇలాంటి లోకంలో నియమాలను గౌరవించమని చెప్పడం బలవంతుడికి పనికొచ్చే మాటే కదా? ఈ అసమానతను నేను కాదనను, అది తప్పు, మారాలి. కానీ ఆ అసమానతే నా వాదనకు ఆధారం కూడా. తలుపు దగ్గర నిలబెట్టి ఆరా తీస్తే ఎలా ఉంటుందో తెలిసిన జాతి మనది. అందుకే, మన తలుపు దాకా వచ్చిన మనిషి ఉన్న కారణం ఉన్నట్టు చెప్పి రావడాన్ని మనం విలువగా చూస్తాం. సులువుగా తలుపు తెరుచుకున్నవాడికి నిజం చెప్పాల్సిన బాధ్యత ఎక్కువే గానీ తక్కువ కాదు. ఇండియా తన వీసాను ఇంత సులువు చేసింది అతన్ని నమ్మి. ఆ సులువును చూసి ప్రశ్ననే తోసిపారేస్తే, నమ్మినవాళ్ళను చిన్నచూపు చూసినట్టే. ఇక ఈ దేశంలో పుట్టి వేరే దేశంలో పౌరులైనవాళ్ళ సంగతి. సొంతూరికి వస్తున్నాను, నాకు ఫారం ఏమిటన్న వాళ్ళ బాధ నిజమైనదే. కానీ 20 ఏళ్ళు దూరంగా ఉన్నాక ఊరు వాళ్ళు వదిలి వెళ్ళిన ఊరుగా ఉండదు. బడికి కంప్యూటర్లు కొనాలనుకుని వస్తే అక్కడ కంప్యూటర్లున్నాయి, మాస్టారు లేరు. ఆ ఊరికి వాళ్ళూ కొంతమేరకు అతిథులే.

‘స్వచ్ఛంద సేవ’ అని రాస్తే వీసా రాదేమో, అనవసరంగా అనుమానం తెచ్చుకోవడమెందుకు అని భయపడేవాళ్ళకు ఒక్క మాట. ఆ గడిని పెట్టింది ప్రభుత్వమే. ఒక పనిని అనుమతిస్తున్నామని తనంతట తానే రాసిపెట్టాక, ఆ పని పేరు చెప్పడానికి జంకనక్కర్లేదు. జంకాల్సింది దళారుల వెబ్‌సైట్లను చూసి. ప్రభుత్వ ముద్రలాంటి బొమ్మ పెట్టుకుని, రెండు మూడింతలు వసూలు చేసి, దరఖాస్తుదారు బదులు తామే ఏదో ఒక గడి నొక్కేసే ఆ సైట్ల చేతిలో పడితే అతను ఏం చెప్పాడో అతనికే తెలియదు. అసలు సైటు చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది.

ఈ ఫారంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే గడి ఇంకోటుంది. చాలామంది దాన్ని ఏదో ఒక హోటల్ పేరుతో నింపేస్తారు. ఇండియాలో మిమ్మల్ని ఎరిగినవారు ఎవరు, వాళ్ళ పేరు, చిరునామా, ఫోన్ నంబరు రాయండి అని అది అడుగుతుంది. భద్రత కోసం అడిగే మామూలు ప్రశ్నే. కానీ సేవకు వచ్చేవాళ్ళకు అదే అసలు ప్రశ్న. మీరు వస్తున్నట్టు ఆ ఊళ్ళో ఎవరికి తెలుసు? మీ పేరు చెబితే ‘అవును, మేమే రమ్మన్నాం’ అనేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? ఒక్కరూ లేకపోతే ఆ ప్రయాణం ఇంకా మొదలవకూడదు. ఆ గడి నింపాలంటే ముందు ఆ ఊరికి ఫోన్ చేయాలి. బడి నడిపే టీచరుతోనో, ఆసుపత్రిలో సమయాలు చూసే నర్సుతోనో, మహిళా సంఘం లీడరుతోనో మాట్లాడాలి. నేను ఫలానా నెలలో వస్తే మీకు ఉపయోగమా అని అడగాలి. నాకు ఏం వచ్చో చెప్పి, ఏం కావాలో వినాలి. అవతల్నుంచి ‘ఇప్పుడొద్దండీ, వేరుశనగ పీకే రోజులు, పిల్లలు కూడా చేలల్లోనే ఉంటారు, సంక్రాంతి దాటాక రండి’ అనవచ్చు. అప్పుడు ఫారంలో మార్చాల్సింది ఒక్కటే, చేరుకునే తేదీ.